మామగారి స్నానానికి ఆసరా ఎలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మామగారికి 68 ఏళ్లు, పక్షవాతం వచ్చి కుడివైపు పట్టు తప్పింది. వాకర్‌తో నాలుగడుగులు వేస్తారు. బాత్రూంలో నున్నటి కడప బండలు, గడప 2 అంగుళాల ఎత్తు. పోయిన నెల జారి పడబోయారు. అప్పట్నుంచి మంచం మీదే ఒళ్లు తుడుస్తున్నాం, ఆయనకది సుతరామూ ఇష్టం లేదు. బాత్రూం పగలగొట్టి కట్టాలంటే డబ్బుల టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ఏదీ పగలగొట్టొద్దమ్మా. ముందు ఆయన కూర్చుని పోసుకునే ఏర్పాటు చూడండి, తడి నేల మీద నిలబడటమే అసలు ప్రమాదం. కాళ్లకు రబ్బరు బుష్‌లు, పక్కన చేతులు ఉన్న స్నానం కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, సబ్బునీళ్లలో దాని కాళ్లు పక్కకు విచ్చుకుంటాయి.

కడప బండ మన ఊళ్ల సొత్తే, కానీ పాలిష్ చేసిన బండ మీద సబ్బు నురగ పడితే మంచి కాళ్లున్నవాళ్లకే నిలకడ ఉండదు. తిరగలికి కొట్టినట్టు బండలకు ఉలితో గాట్లు కొట్టించండి, కుర్చీ నుంచి తలుపు దాకా చాలు. గడపకు 2 అడుగుల పొడవున వాలు పోయించండి, అంగుళం ఎత్తుకు 12 అంగుళాల వాలు లెక్క. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే మనిషే తలుపుకు అడ్డం పడతాడు, తోయలేం.

పట్టుకునే స్టీలు కమ్మీ ఎడమ చేతివైపే ఉండాలి, నేల నుంచి రెండున్నర, మూడడుగుల ఎత్తులో. ప్లంబర్ తనకు వీలైన గోడకు బిగించి పోతాడు, తీరా అటువైపు ఈయన చెయ్యే లేవదు. గోడ ఇటుకలోకి దిగే బోల్టులే వేయించండి, టవల్ రాడ్డును నమ్మొద్దు.

ఒంటిచేత్తో చెంబు ఎత్తి పోసుకోవడం కష్టం, హ్యాండ్ షవర్ పెట్టండి. నీళ్ల వేడి ఆయన ఎడమ చేత్తోనే చూసుకోవాలి, కుడివైపు స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. వీపు ఒక్కటి మీవారు రుద్దితే చాలు, మిగతాది ఆయన్నే చేసుకోనివ్వండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు ముందు ఎడమ చెయ్యి.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం) లేకపోతే చేయించండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే కేంద్రం ఎడిప్ పథకం కింద ఉపకరణాలకు అప్లై చేయొచ్చు.

కమ్మీ బిగించేముందు ఒక్కసారి పొడి నేల మీద, బట్టలతోనే, ఆయన్ని ఆ కుర్చీలో కూర్చుని లేవమనండి, మీవారు పక్కనే నిలబడాలి. లేచేటప్పుడు ఎడమ చెయ్యి ఆసరా కోసం గోడ మీద ఎక్కడికి పోతుందో చూసి అక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. డ్రిల్లు ఆ తర్వాతే.