మన మగవాళ్లకు హార్మోన్ తక్కువ కాబట్టే ఎముకలు గుల్లబారతాయా?

మీ నాన్నగారికి 66 ఏళ్లకే డెక్సా స్కాన్‌లో (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) టి-స్కోర్ మైనస్ 2.7, అంటే ఎముకలు గుల్లబారాయని వచ్చిందనీ, "మన జాతి మగవాళ్లకు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తక్కువ, అందుకే" అని ఎవరో చెప్పారనీ రాశారు. నాలుగేళ్ల కిందట తిరుపతిలో నాకూ ఇదే మాట చెప్పారు. నమ్మాను.

మా నాన్న బాత్రూమ్‌లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన పది రోజులకే ఒక క్లినిక్‌లో సాయంత్రం రక్తం తీసి, హార్మోన్ తక్కువుందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడు నెలలు వేయించాం. తర్వాత చూసిన ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) వాటిని ఆపించారు. జబ్బు పడినప్పుడు, ఆపరేషన్ అయిన కొత్తలో టెస్టోస్టిరాన్ ఎవరికైనా పడిపోతుందట. ఆ పరీక్ష కోలుకున్నాక, పొద్దున్నే పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చేయించాలట. కొన్ని నెలలాగి అలాగే చేయిస్తే రెండుసార్లూ మామూలుగానే వచ్చింది.

ఆ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న వేరే. "ఆయాసానికి ఏం మాత్రలు వేసుకుంటున్నారు?" నాన్న ఏళ్ల తరబడి మందుల షాపులో తనే అడిగి కొనుక్కున్నవి స్టెరాయిడ్ మాత్రలు. ఎముకను తినేసింది అవే. మాలో ఎవరం ఆ మాత్రల పేరు ఒక్కసారీ చూడలేదు. ఇప్పటికీ అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

జాతి సంగతికొస్తే, అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో నల్లజాతి, తెల్లజాతి మగవాళ్ల టెస్టోస్టిరాన్‌లో పెద్ద తేడా కనబడలేదు. నల్లజాతి వాళ్లలో ఎక్కువగా ఉన్నది ఈస్ట్రడయాల్ అనే ఒక రకం ఈస్ట్రోజెన్. దాన్ని ఆడవాళ్ల హార్మోన్ అనుకుంటాం కానీ, మగవాడి ఒంట్లో టెస్టోస్టిరాన్ కొంత ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. ఎముకను కాపాడటంలో దానిదే పెద్ద పాత్ర. 1994లో ఈస్ట్రోజెన్ పనిచేయని ఒక 28 ఏళ్ల యువకుడి గురించి డాక్టర్లు రాశారు. టెస్టోస్టిరాన్ మామూలుగా ఉన్నా అతని ఎముకలు గుల్లబారాయి. ఇంకో పరిశోధనలో హాంకాంగ్, జపాన్‌లలోని పెద్దవయసు మగవాళ్లకు టెస్టోస్టిరాన్ సుమారు 20 శాతం ఎక్కువ ఉంది, అమెరికాలో ఉంటున్న ఆసియా వాళ్లకు మాత్రం అలా లేదు. అంటే అంతా పుట్టుకలోనే లేదు, బతికే చోటులోనూ ఉంది. పైగా ఎముక చిన్నదైతే డెక్సా సాంద్రతను కాస్త తక్కువగానే చూపిస్తుంది.

మన ఊరి సంగతి మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లే 2007లో రాశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ తిండిలో కాల్షియం తక్కువ, విటమిన్ డి తక్కువ. డి విషయంలో పల్లెవాళ్లే టౌన్‌వాళ్ల కంటే నయం. తిరుపతి ఎండలో డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 దాకా. పలమనేరు దగ్గర సేద్యం వదిలి వచ్చిన నాన్న ముప్పై ఏళ్లు ఆ వేళలో బట్టల షాపు గల్లా దగ్గర కూర్చున్నారు. రాగి సంగటి పోయి మూడు పూటలా అన్నమే అయింది. డి పరీక్ష చేయిస్తే బాగా తక్కువుంది.

మైనస్ 2.7కి వైద్యం మాత్రం తప్పదు. మా నాన్నకు డి, కాల్షియం సరిచేశాక ఏడాదికోసారి ఎముక అరగకుండా ఆపే మందు, జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్ ఎక్కిస్తున్నారు. మీ నాన్నగారి మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. అందులో స్టెరాయిడ్ ఉంటే సొంతంగా ఆపేయకండి, ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. మా నాన్నను ఇన్‌హేలర్‌కు మార్చి, మాత్రను నెలల తరబడి తగ్గిస్తూ మాన్పించారు.