పెన్ డ్రైవ్‌తో నడిచే లైవ్ లినక్స్‌ను ఇంటి రూటర్‌గా, ఫైర్‌వాల్‌గా వాడవచ్చా?

హార్డ్ డిస్క్ పాడైన పాత కంప్యూటర్‌ను లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నేరుగా నడిచే లినక్స్) ఉన్న పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి ఇంటికి రూటర్‌గా, ఫైర్‌వాల్‌గా పెట్టుకోవచ్చా, అది డిస్క్ మీద ఏమీ రాయదు కాబట్టి మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన లినక్స్ కన్నా భద్రమా అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు అవును. మూడేళ్లుగా మా ఇంట్లో డెబియన్ అనే లినక్స్ రకం లైవ్ రూపంతో నడుస్తున్నది అలాంటి పెట్టే. రెండో ప్రశ్నకు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. బూట్ అయ్యాక మనం చేత్తో చేసిన అమరికలన్నీ కరెంటు పోగానే పోతాయి కనుక, రూటర్‌గా ఆ యంత్రం ఎలా నడుచుకోవాలో ఇమేజ్ (పెన్ డ్రైవ్ మీద రాసే, సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) తయారు చేసేటప్పుడే నిర్ణయమైపోవాలి. ఆ పని పూర్తిగా చేయగలిగితే లైవ్ సిస్టమ్ చాలా మంచి రూటర్ అవుతుంది. సగంలో వదిలేస్తే మామూలు ఇన్‌స్టలేషన్ కన్నా ప్రమాదకరం అవుతుంది.

లైవ్ ఇమేజ్‌లో సిస్టమ్ మొత్తం స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే, చదవడానికే తప్ప రాయడానికి వీలులేని, కుదించిన ఫైలుగా ఉంటుంది. దాని మీద ఓవర్‌లేఎఫ్ఎస్ ద్వారా ర్యామ్‌లో ఒక పొర పరచుకుంటుంది. మనం చేసే మార్పులన్నీ ఆ పొరలోకే వెళతాయి. అందువల్ల ఎవరైనా చొరబడి ఏదైనా ప్రోగ్రామ్ పెట్టి వెళ్లినా, రీబూట్ చేస్తే ఆ పొరతో పాటు అదీ పోతుంది. కానీ అతడు ఏ లోపాన్ని పట్టుకుని వచ్చాడో ఆ లోపం స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో భద్రంగా ఉంటుంది, ప్రతి బూట్‌లోనూ తిరిగి వస్తుంది. నడుస్తున్న లైవ్ సిస్టమ్‌లో మీరు వేసుకున్న అప్‌డేట్లూ రీబూట్‌తో పోతాయి. కొత్త కెర్నల్ (లినక్స్‌లోని కీలక భాగం) అయితే ఆ దారిలో అసలు అమలులోకే రాదు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1990లలోనే లినక్స్ రూటర్ ప్రాజెక్ట్ ఒక్క 1.44 ఎంబీ ఫ్లాపీలో రూటర్‌ను ఇమిడ్చింది; ఫ్లాపీ మూలనున్న చిన్న మీటను జరిపితే ఇక ఏ ప్రోగ్రామూ దాని మీద రాయలేకపోయేది. ఈ కాలపు పెన్ డ్రైవ్‌లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు కాబట్టి, బూట్ సమయంలో ‘టుర్యామ్’ అనే ఆప్షన్ ఇచ్చి ఇమేజ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించి, ఆ తరువాత పెన్ డ్రైవ్‌ను తీసి పక్కన పెట్టడం మేలు. ఇమేజ్ పరిమాణానికి తోడు సిస్టమ్ నడవడానికి సరిపడా ర్యామ్ కూడా ఉండాలన్నది మరువకండి.

రూటర్‌కు కావలసిన భాగాలు మీకు తెలిసే ఉంటాయి: మోడెమ్ వైపు ఒక ఈథర్‌నెట్ పోర్ట్, ఇంటి వైపు ఒకటి, కెర్నల్‌లో ప్యాకెట్ ఫార్వర్డింగ్ (ఒక పోర్ట్‌కు వచ్చిన డేటా ముక్కలను మరో పోర్ట్‌కు పంపడం), వడపోతకూ చిరునామాల మార్పిడికీ (ఇంటి పరికరాలన్నీ బయటికి ఒకే చిరునామాతో కనిపించేలా చేయడానికి) ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే ఫైర్‌వాల్ సాధనం, ఇంట్లోని పరికరాలకు చిరునామాలు ఇవ్వడానికి డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్. వైఫై కోసం ఈ కంప్యూటర్‌ను తిప్పలు పెట్టవద్దు. మీ దగ్గరున్న పాత వైఫై రూటర్‌లో డీహెచ్‌సీపీని (చిరునామాలు పంచే పనిని) ఆపేసి, దాన్ని వైఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్‌గా వాడుకోండి.

నేను దెబ్బ తిన్న చోటును వివరంగా చెబుతాను. మా కంప్యూటర్‌కు ఉన్నది ఒకే ఈథర్‌నెట్ పోర్ట్ కాబట్టి, మోడెమ్ వైపు యూఎస్‌బీ అడాప్టర్ తగిలించాను. నియమాల ఫైలును ఇమేజ్‌లో పెట్టాను, ఫార్వర్డింగ్‌ను ఆన్ చేసే అమరికను కూడా వేరే ఫైలులో పెట్టాను, రెండు మూడుసార్లు రీబూట్ చేసి అంతా సరిగా ఉందని తృప్తి పడ్డాను. కొన్ని వారాల తరువాత ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున్నే ఇంట్లోవాళ్లు కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు అన్నారు. నియమాలు చూద్దామని ‘ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్’ అని కొడితే తెర మీద ఒక్క వరుస కూడా రాలేదు. ఫైర్‌వాల్ అసలు లేదు. ఆ ఖాళీ తెరను చూసినప్పుడు కలిగిన భయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కారణం ఇది. మోడెమ్ వైపు పోర్ట్‌ను సూచించడానికి నియమాలలో ‘ఐఐఎఫ్’ అని రాశాను. ఆ పదం నియమాలు లోడ్ అవుతున్న క్షణంలోనే ఇంటర్‌ఫేస్ (పోర్ట్) పేరును దాని అంతర్గత సంఖ్యగా మార్చుకుంటుంది. ఆ క్షణానికి ఇంటర్‌ఫేస్ లేకపోతే అది తప్పు కిందే లెక్క. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఒక ఫైలును మొత్తంగా స్వీకరిస్తుంది, లేదా మొత్తంగా తిరస్కరిస్తుంది. ఆ రాత్రి యూఎస్‌బీ అడాప్టర్ కాస్త ఆలస్యంగా మేలుకుంది, ఫైలు తిరస్కరణకు గురైంది, ఫార్వర్డింగ్ మాత్రం తన దారిన తాను ఆన్ అయింది. చిరునామాల మార్పిడి లేదు కాబట్టి ఐపీవీ4 (ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి) సైట్లు ఆగిపోయాయి. కొత్త పద్ధతి అయిన ఐపీవీ6లో ఇంట్లోని ప్రతి పరికరానికీ బయటి ప్రపంచానికి నేరుగా కనిపించే చిరునామా ఉంటుంది కనుక ఆ సైట్లు నిరాటంకంగా నడిచాయి, అంటే మా పరికరాలన్నీ ఏ అడ్డూ లేకుండా కొన్ని గంటల పాటు ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఐపీవీ6 లేకపోతే ఇంట్లో నెట్ పూర్తిగా ఆగేది, నేను వెంటనే చూసుకునేవాడిని.

తరువాత రెండు మార్పులు చేశాను, మీరు మొదటి రోజునే చేయండి. ‘ఐఐఎఫ్’, ‘ఓఐఎఫ్’ (ప్యాకెట్ బయటికి వెళ్లే పోర్ట్‌ను సూచించే పదం) బదులు ‘ఐఐఎఫ్‌నేమ్’, ‘ఓఐఎఫ్‌నేమ్’ రాశాను. ఇవి ప్యాకెట్ వచ్చినప్పుడు పేరును పోల్చి చూస్తాయి తప్ప, లోడ్ అయ్యేటప్పుడు ఇంటర్‌ఫేస్ ఉండాలని పట్టుబట్టవు. ఫార్వర్డింగ్‌ను వేరే ఫైలు నుంచి తీసేసి, నియమాలు విజయవంతంగా లోడ్ అయితేనే ఆన్ అయ్యేలా అదే సర్వీసులో చివరి మెట్టుగా పెట్టాను. ఫైర్‌వాల్ విఫలమైతే ఇంట్లో నెట్ ఉండకూడదు; అప్పుడే ఎవరో ఒకరు వచ్చి మనకు చెబుతారు. నియమాలలో ఇన్‌పుట్ (రూటర్‌కే వచ్చేవి), ఫార్వర్డ్ (దాని గుండా పోయేవి) అనే చైన్‌లు, అంటే నియమాల వరుసలు, రెండింటికీ మూల విధానం ‘డ్రాప్’ (పారవేయి) అని ఉండాలి, అప్పటికే మొదలైన సంభాషణల ప్యాకెట్లను, ఇంటి వైపు నుంచి వచ్చేవాటిని మాత్రమే అనుమతించాలి. అయితే ఐసీఎంపీవీ6ను (ఐపీవీ6లోని నియంత్రణ సందేశాలను) మొత్తంగా మూసేయకండి; పొరుగు పరికరాలను కనుగొనడానికీ, ప్యాకెట్ పెద్దదైందని తెలియజేయడానికీ ఐపీవీ6 దాని మీదే ఆధారపడుతుంది. మీ కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి) అయితే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500 బైట్లు కాక 1492 అవుతుంది, టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పంపే డేటా పరిమితిని) దానికి తగ్గట్టు తగ్గించే నియమం ఒకటి లేకపోతే కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి.

లైవ్ ఇమేజ్‌లకే ప్రత్యేకమైన మరో ప్రమాదం పాస్‌వర్డ్. డెబియన్ లైవ్‌లో యూజర్ పేరు ‘యూజర్’, పాస్‌వర్డ్ ‘లైవ్’ అని లోకమంతటికీ తెలుసు, పైగా ఆ యూజర్‌కు సుడో (నిర్వాహకుడి అధికారంతో ఆదేశాలు ఇచ్చే హక్కు) కూడా ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను (మరో యంత్రం నుంచి లాగిన్ కావడానికి వాడే ప్రోగ్రామ్‌ను) ఇమేజ్‌లో చేర్చేటట్లయితే పాస్‌వర్డ్ లాగిన్‌ను పూర్తిగా ఆపి, మీ పబ్లిక్ కీని లోపల పెట్టి, ఇంటి వైపు పోర్ట్ మీద మాత్రమే తెరవండి. హోస్ట్ కీలు (ఈ యంత్రం గుర్తింపును రుజువు చేసే రహస్య కీలు) కూడా ఇమేజ్‌లోనే ఉండాలి. లేకుంటే ప్రతి బూట్‌కూ కొత్తవి పుట్టి, కీ మారిందన్న హెచ్చరిక ప్రతిసారీ వస్తుంది, దాన్ని పట్టించుకోకపోవడం అలవాటవుతుంది. హోస్ట్ కీలు అందులో ఉన్నాయి కాబట్టి ఆ పెన్ డ్రైవ్‌ను ఇంటి తాళంలా దాచుకోవాలి.

పాత మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కూడా మార్చండి. గడియారం ఏళ్ల వెనక్కి పోతే డీఎన్ఎస్‌సెక్ (సైట్ల పేర్లకు వచ్చిన చిరునామాలు అసలైనవేనని రుజువు చేసే పద్ధతి) సంతకాలు చెల్లనివిగా కనిపిస్తాయి, పేర్లకు చిరునామాలు తెలియక టైమ్ సర్వర్‌నూ చేరలేము. లాగ్‌లు ర్యామ్‌తో పాటే పోతాయి కనుక వాటిని ఇంట్లోని మరో యంత్రానికి పంపేలా అమర్చుకోండి. నా ఖాళీ రూల్‌సెట్‌కు కారణం తేలింది ఆ తరువాత నేను రీబూట్ చేయకపోవడం వల్లనే.

ఇమేజ్ తయారీకి నేను లైవ్‌బిల్డ్ అనే డెబియన్ సాధనం వాడుతున్నాను. నా ఫైలులన్నీ ‘ఇన్‌క్లూడ్స్.క్రూట్’ ఫోల్డర్‌లో అవి ఉండవలసిన చోట్లలోనే ఉంటాయి, బిల్డ్ చేసిన రోజు వరకు వచ్చిన భద్రతా అప్‌డేట్లన్నీ ఇమేజ్‌లోకి చేరతాయి. నెలకొకసారి, కెర్నల్‌లో తీవ్రమైన లోపం బయటపడితే అదే రోజు, కొత్త ఇమేజ్‌ను రెండో పెన్ డ్రైవ్ మీద రాసి, దానితో బూట్ చేసి, మొబైల్ డేటా మీద ఉన్న ఫోన్ నుంచి మా ఇంటి చిరునామాలను ఐపీవీ4లోనూ ఐపీవీ6లోనూ స్కాన్ చేస్తాను. ఏ పోర్టూ తెరిచి లేదని చూసుకున్నాకే పాత పెన్ డ్రైవ్‌ను డ్రాయర్‌లో పెడతాను. కొత్తది మొరాయిస్తే దాన్నే తిరిగి గుచ్చడానికి మరుసటి నెల వరకు చెరపకుండా ఉంచుతాను.