ఊరి బయటి హోటల్లో దిగే ముందు

చి.ల.సౌ. అమ్మాయికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ద్రాక్షతోటల మధ్య రాతిగోడల రెండంతస్తుల హోటలు, కిటికీలోంచి చూస్తే కొండమీద ఇటలీ టస్కనీ ప్రాంతపు సాన్ జిమిన్యానో ఊరి బురుజులు, అద్దె చూస్తే కోటగోడ లోపలి గదుల్లో సగం. "ఇంత చవకగా ఇస్తున్నారంటే ఇందులో ఏదో మతలబు ఉండాలి అత్తయ్యా" అన్నావు. మతలబేమీ లేదు. ఊరు కొండమీద ఉంది, హోటలు కింద ఉంది, అంతే. ఆ మిగిలిన డబ్బుకు బదులు రోజూ ఎక్కి దిగాలి. కాళ్లతోనా, కారుతోనా, బస్సు కోసం కాచుకునా అన్నది ఇక్కడే తేల్చుకుంటే ఆ హోటలే తీసుకోమంటాను. తేల్చుకోకుండా వెళితే మూడోనాడు మీ అత్తగారు నిన్ను చూసే చూపు నేను ఇక్కడి నుంచే ఊహించగలను.

మావాడు మిలాన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ మీ మామయ్యా టస్కనీ వెళ్లినప్పుడల్లా ఇలాంటి చోట్లే దిగేవాళ్లం. పింఛను డబ్బుతో తిరిగేవాళ్లకు కోట లోపలి గదులు అందవు. అందినా, రాళ్లు పరిచిన ఎగుడువీధుల్లో చక్రాల పెట్టెలు లాక్కుంటూ పోవడం మా వల్ల అయ్యేది కాదు.

ముందు దూరం సంగతి. ఫోనులో మ్యాపు మూడు కిలోమీటర్లని చూపిస్తుంది. అది నిజమే, కానీ ఆ మూడూ ఎగువకే. ఊరు సముద్రమట్టానికి 324 మీటర్ల ఎత్తున ఉంది. పల్లెదారులకు కాలిబాట ఉండదు, దీపాలు ఉండవు, మలుపుల్లో కార్లు ఆగవు. పగలు మీరిద్దరూ హాయిగా నడుస్తారు. రాత్రి భోజనం చేసి మీ మామగారి మోకాళ్లతో ఆ దారిన దిగడం కుదరదు. చేయెత్తితే ఆగే టాక్సీలు అక్కడ లేవు. ఫోను చేసి పిలిపించుకోవాలి, అదీ ముందుగా చెప్పి ఉంచితేనే నమ్మకం.

రైల్లో వెళ్లేవాళ్లు పొజ్జిబోన్సీ స్టేషన్‌లో దిగి 130 నంబరు బస్సు ఎక్కుతారు. అరగంటలోపే పైకి చేరుస్తుంది. కాబట్టి హోటలు ఆ బస్సు దారి మీద ఉందా, లేక దారి నుంచి కంకర బాటలో లోపలికి ఉందా అన్నదే అసలు ప్రశ్న. కంకర బాట ఫోటోలో ఎంతో అందంగా ఉంటుంది, రెండువైపులా సైప్రస్ చెట్లతో. పెట్టె చక్రాలకు మాత్రం యముడు. హోటలుకు రాసేటప్పుడు "బస్సు స్టాపు దగ్గరేనా" అని అడగకు, దగ్గరే అంటారు. "ఎన్ని మీటర్లు, చివరి బస్సు ఎన్నింటికి, ఆదివారం నడుస్తుందా" అని అడుగు. ఆదివారాలు, పండుగ రోజులు బస్సులు బాగా తగ్గిపోతాయి. టికెట్లు పొగాకు దుకాణంలో అమ్ముతారు, బయట పెద్ద 'టి' అక్షరం బోర్డు ఉంటుంది. తిరుగు టికెట్ కూడా అప్పుడే కొనిపెట్టుకో, సాయంత్రానికి ఆ దుకాణం మూసేస్తే దిక్కులు చూడాలి.

నలుగురు వెళ్తున్నారు కనుక కారు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. అల్లుడుగారికి మన లైసెన్సు ఒక్కటే చాలదు. దానితోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి రవాణా కార్యాలయంలోనే తీసుకోవాలి. ఆటోమేటిక్ గేరు కావాలంటే చాలా ముందుగా అడగాలి, అక్కడ ఇప్పటికీ చేతి గేరు కార్లే ఎక్కువ. ఇంకొక్కటి గట్టిగా చెప్పు. పాత ఊళ్ల ముఖద్వారాల దగ్గర ఎర్ర వలయం గీసిన తెల్లటి గుండ్రని పలక, దాని కింద 'జెడ్ టి ఎల్' అనే అక్షరాలు కనిపిస్తే, అది బయటి కార్లను రానివ్వని చోటు, లోపలికి పోకూడదు. ఆపడానికి పోలీసు ఉండడు, కెమెరా ఉంటుంది. జరిమానా నెలల తర్వాత కారు అద్దె కంపెనీ ద్వారా వస్తుంది, దాని మీద వాళ్ల రుసుము అదనం. ముందు కారు వెళ్లింది కదా అని వెనక వెళ్లవద్దు. అది ఆ ఊరివాళ్లది అయి ఉంటుంది. కారు నిలిపేచోట తెల్లగీతలైతే డబ్బు అక్కరలేదు, నీలమైతే కట్టాలి, పసుపు మనకు కాదు. సాన్ జిమిన్యానోలో కోటగోడ బయటే పార్కింగులు ఉన్నాయి. పెద్దవాళ్లను ద్వారం దగ్గర దింపేసి, ఆయన కిందికి వెళ్లి కారు పెట్టి రావాలి.

ఇక బుకింగు. వీసాకు ప్రతి రాత్రికీ బస చూపించాలి కనుక ఉచితంగా రద్దు చేసుకునే గదే తీసుకో, నాలుగు డబ్బులు ఎక్కువైనా. 'మత్రిమోనియాలె' అంటే ఒకే పెద్ద మంచం, 'దొప్పియా' అంటే విడివిడిగా రెండు. మీ అత్తగారికీ మామగారికీ రెండోదే అడుగు, ఆయన గురక గురించి నువ్వే చెప్పావు. లిఫ్టు ఉండదనే అనుకో. కింది అంతస్తు గది కావాలని రాసి, వాళ్ల జవాబు కాగితం మీద అచ్చు వేయించుకో. ఈమధ్య ఇటలీలో బసలన్నిటికీ జాతీయ గుర్తింపు సంఖ్య ఇచ్చారు, దాన్ని ప్రకటనలో చూపాలన్నది నియమం. ఆ సంఖ్య లేని ప్రకటన జోలికి పోకు. ఊరికి కట్టే బస పన్ను చాలాచోట్ల మనం ముందు కట్టిన మొత్తంలో ఉండదు. మనిషికి, రాత్రికి ఇంత అని వెళ్లేరోజు హోటల్లోనే తీసుకుంటారు. చిల్లర యూరోలు ఉంచుకుంటే వాళ్లూ సంతోషిస్తారు. అది మోసం కాదు, బేరం ఆడవద్దు.

దిగగానే పాస్‌పోర్టులు అడిగితే మీ మామగారు కంగారు పడవచ్చు. దిగినవాళ్ల వివరాలు ఒక రోజులోగా పోలీసులకు పంపాలని అక్కడి చట్టం. చూసి, రాసుకుని ఇచ్చేస్తారు. చిన్న హోటళ్లలో రాత్రంతా కౌంటరు దగ్గర మనిషి ఉండడు. చాలావాటిని ఒక కుటుంబమే నడుపుతుంది. సాయంత్రం గది తాళం ఇచ్చిన ఆమే పొద్దున కాఫీ పోస్తుంది. విమానం ఆలస్యమైతే ఫోను చెయ్యడం మర్యాద మాత్రమే కాదు, లేకపోతే తలుపు మూసి ఉంటుంది.

స్నానాలగది గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, మనవాళ్ల కష్టాలన్నీ అక్కడే. గోడవారన, షవరు పక్కన, పైనుంచి ఒక సన్నటి తాడు వేలాడుతుంటుంది. అది దీపానిదీ కాదు, తువ్వాలు ఆరేసుకోవడానికీ కాదు. లాగితే కింద గంట మోగి, ఎవరో కింద పడ్డారని ఇంటివాళ్లు పరుగున వస్తారు. వెళ్లిన మొదటి నిమిషంలోనే పెద్దవాళ్లిద్దరికీ చూపించు. కమోడు పక్కన ఇంకో పింగాణీ తొట్టి ఉంటుంది, కుళాయితో. దాన్ని చూసి కాళ్లు కడుక్కునేది అనుకుంటారు. మన చేతిగొట్టానికి బదులు అదే. ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో వేసుకో, సగం సమస్య తీరిపోతుంది. వేడినీళ్లు తగిన మేరకే వస్తాయి. నలుగురూ వరసగా తలస్నానాలు పెట్టుకోవద్దు.

గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ ఉండదు. ఇక్కడి నుంచి రైస్‌కుక్కర్ మోసుకెళ్తానని నీ ఉత్తరంలో ఉంది. వద్దు. అలాంటి పాత ఇళ్లలో కరెంటు లోడు తక్కువ, ఫ్యూజు పోతే మొత్తం అంతస్తుకు చీకటే, పైగా గదుల్లో వండడం వాళ్లు ఒప్పుకోరు. మన మూడు పుల్లల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు, సన్నని రెండు పుల్లల ఛార్జర్ దూరుతుంది. కిటికీలకు చెక్క తలుపులుంటాయి కానీ దోమతెర ఉంటుందని భరోసా లేదు. చీకటి పడేముందు మూసేయండి. మీరు అక్టోబరులో వెళ్తున్నారు కనుక ఇంకొకటి. గదులు వెచ్చబరిచే యంత్రాలను టస్కనీలో చాలాచోట్ల నవంబరు మొదటి తేదీ నుంచి ఏప్రిల్ మధ్య వరకే నడపాలని నియమం ఉంది. రాత్రి చలివేస్తే యజమానిని తిట్టి లాభం లేదు, ఇంకో దుప్పటి అడగండి. అలమరలో పై అరలోనే ఉంటుంది.

తిండి. పొద్దుట కాఫీ, తియ్యటి రొట్టెలు, జామ్, పెరుగు, పండ్లు. మీ అత్తగారికి ఇది ఫలహారం కాదు, ప్రసాదం. అటుకులో, పొడులో తీసుకెళ్లు. ఆవకాయ తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవ మాత్రం వద్దు, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి ఐరోపాలోకి రానివ్వరు. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు, మరిచిపోయి కాదు, అక్కడి పద్ధతే అది. దాన్ని ముక్కలు చేసి టమాటాతో ఉడికించే 'పప్పా అల్ పొమొదోరో', చిక్కుడుగింజలూ ఆకుకూరలతో చేసే 'రిబొల్లితా' మన నోటికి బాగా నప్పుతాయి. కానీ మాంసం లేదన్నవాటిలోనూ మాంసపు రసం పోస్తారు. మీ అత్తగారు పట్టింపు మనిషి కనుక "బ్రోదో ది కార్నె" ఉందా అని విడిగా అడగాలి. 'చింగియాలె' అని కనిపించిన ప్రతిదీ అడవిపంది. అక్కడ అది ప్రతి మెనూలోనూ ఉంటుంది. వెల్లుల్లి టమాటాలతో చేసే లావుపాటి 'పిచి' పాస్తా ఆకలిగా ఉన్నవాళ్లకు చాలు. రాత్రి ఏడున్నరలోపు వంటగది తెరవరు. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి ఇంత వేస్తారు, కూర్చున్నందుకూ రొట్టెకూ. హోటల్లోనే రాత్రి భోజనం పెడతామంటే మొదటి రోజు అక్కడే తినండి, ప్రయాణం చేసి వచ్చి మళ్లీ కొండెక్కడం ఎందుకు?

ఇప్పుడు ఊరి బయట ఉండటంలోని లాభం చెబుతాను, జాగ్రత్తలతోనే నిన్ను భయపెట్టానేమో. ఫ్లోరెన్స్ నుంచి, సియెనా నుంచి వచ్చే టూరిస్టు బస్సులు పదింటికి మొదలై నాలుగైదు దాకా ఊరిని నింపేస్తాయి. వాళ్లు ఐస్‌క్రీం తిని, బురుజుల ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు ఎనిమిదింటికే పైకి వెళ్లండి. పదకొండుకు దిగివచ్చి, మధ్యాహ్నం పెద్దవాళ్లను హోటలు చెట్ల కింద పడుకోనిచ్చి, అయిదు దాటాక మళ్లీ ఎక్కండి. రోజంతా పైనే గడపాలనే పంతం పెట్టుకోకండి.

పొద్దున చౌకులో ఎవరూ లేనప్పుడు మధ్యనున్న బావి దగ్గరికి వెళ్లు. 1273లో కట్టి, 1346లో పెద్దది చేశారు. రాతి ఒర అంచున వేలు పెట్టి చూడు. తాళ్లు ఒరుసుకుని పడ్డ గాళ్లు వరసగా తగులుతాయి, మన తాతగారి పెరట్లో గిలక పోయిన బావికి ఉన్నట్టే. డబ్బున్న కుటుంబాలు ఒకరిని మించి ఒకరు బురుజులు లేపిన ఊరు అది. 72 ఉండేవంటారు, 14 మిగిలాయి. పాలకుల బురుజును మించి ఎవరూ కట్టకూడదని శాసనం చేయాల్సి వచ్చింది. అన్నిటికంటే ఎత్తైనది 1311లో పూర్తయిన పురపాలక భవనపు బురుజు. అది 54 మీటర్లు. మీరిద్దరూ ఎక్కండి, పెద్దవాళ్లను ఎక్కించవద్దు. 1348 ప్లేగు మహమ్మారిలో జనం సగానికిపైగా పోయి, 1353లో ఊరు ఫ్లోరెన్స్ చేతికి వెళ్లి, ఆ తర్వాత పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. అందుకే 1990లో యునెస్కో జాబితాకెక్కే నాటికి అవి నిలిచి ఉన్నాయి. పేదరికం కాపాడిన ఊరు.

చౌకుల దగ్గరి పెద్ద చర్చిని అందరూ చూస్తారు. మీరు ఊరి ఉత్తరపు కొసన ఉన్న సాంత్ అగొస్తీనో చర్చికి కూడా వెళ్లండి. బెనొజ్జో గొజ్జోలి 1464, 65లలో సెయింట్ అగస్టీన్ జీవితాన్ని అక్కడి గోడల మీద 17 ఘట్టాలుగా చిత్రించాడు. మొదటి ఘట్టం బడిలో చేర్పించడం. ఒకవైపు తల్లిదండ్రులు బుద్ధిమంతుణ్ని అప్పగిస్తుంటారు. ఇంకోవైపు పంతులు మరో పిల్లవాడి పిర్రల మీద వడ్డిస్తుంటాడు. హెడ్మాస్టరుగా రిటైరైన మీ మామగారు ఆ గోడ ముందు నుంచి తొందరగా కదలరు. భుజాలు కప్పుకుని వెళ్లాలి, మధ్యాహ్నం మూసేస్తారు.

సూర్యాస్తమయానికి డబ్బు పెట్టక్కరలేదు, 'రొక్కా' అనే పాడుబడ్డ కోట తోటలోకి ఎక్కితే చాలు. గురువారం పొద్దున చౌకుల్లో సంత జరుగుతుంది. మీ రోజుల్లో గురువారం పడేలా చూసుకో, పండ్లు అక్కడ కొనవచ్చు.

హోటలుకు ఇవాళే రాయి. మీటర్లు, చివరి బస్సు, కింది అంతస్తు, విడి మంచాలు. జవాబు రాగానే నాకు పంపు, రోజుల లెక్క కలిసి వేద్దాం. అన్నయ్యకూ వదినకూ నమస్కారాలు చెప్పు.

నీ మేనత్త

తా.క.: ఆ ఊరి కుంకుమపువ్వుకు 'డి ఓ పి' ముద్ర, అంటే ఆ ప్రాంతపు సరుకేననే హామీ, ఉంటుంది, పొడి కాకుండా రేకులుగా అమ్ముతారు. మీ మామయ్యకు ఒక గ్రాము చాలు. పొడి ఇస్తామంటే వద్దని వచ్చేయి.