టెక్ సందేహాలు: సియోల్‌లో గూగుల్ మ్యాప్స్ దారి చూపదా?

దక్షిణ కొరియా ప్రయాణాల గురించి ఈమధ్య ప్రశ్నలు బాగా పెరిగాయి. సియోల్‌కు సంబంధించినవి కొన్ని ఒకచోట చేర్చాను. యాప్‌లు, ఖాతాలు, కార్డుల అనుమతులు వంటి పనులన్నీ మన సిమ్‌కు ఓటీపీలు వస్తుండగానే, అంటే విమానం ఎక్కకముందే ముగించుకోవాలి. ఇది అందరికీ వర్తించే సలహా.

ప్రశ్న: కుటుంబంతో అయిదు రోజులు సియోల్ వెళ్తున్నాం. చూడాల్సినవన్నీ గూగుల్ మ్యాప్స్‌లో గుర్తు పెట్టుకున్నాను. కానీ గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదం నుంచి పాత ఇళ్ల పేట బుక్‌చోన్‌కు నడక దారి అడిగితే చూపడం లేదు. లోపం నా ఫోనుదేనా? (హైదరాబాద్)

జవాబు: మీ ఫోను భేషుగ్గా ఉంది. వీధుల వివరాలు బాగా చూపే 1:5000 స్కేలు మ్యాపుల సమాచారాన్ని దేశం దాటించాలంటే కొరియా ప్రభుత్వం అనుమతి ఉండాలి. గూగుల్ 2007లో అడిగింది, 2016లో మళ్లీ అడిగింది. భద్రత కారణం చూపి రెండుసార్లూ కాదన్నారు. ఉత్తర కొరియాతో 1953లో కుదిరింది కాల్పుల విరమణ మాత్రమే, శాంతి ఒప్పందం కాదు. కాబట్టి ఆ జాగ్రత్తను చాదస్తమని కొట్టిపారేయలేం. ఆ అనుమతి లేక గూగుల్ అక్కడ బస్సు, రైలు మార్గాలు చెప్పగలిగినా, నడకకూ కారుకూ మలుపు మలుపునా దారి చూపడంలో ఏళ్లుగా చేతులెత్తేస్తూ వచ్చింది. ఈ వ్యవహారం ఎటు తేలినా మీరు కొరియావాళ్ల మ్యాప్ యాప్ అయిన నేవర్ మ్యాప్ వేసుకోండి. ఇంగ్లిష్‌లో పనిచేస్తుంది. కకావో మ్యాప్ కూడా మంచిదే, కానీ రెండూ పెట్టుకుని తికమకపడటం ఎందుకు?

నేవర్‌లో వెతకడానికి కొంచెం ఓపిక కావాలి. ఇంగ్లిష్ పేరు టైప్ చేస్తే ఒక్కోసారి దొరకదు. హోటల్ వెబ్‌సైటు నుంచి కొరియన్ పేరు కాపీ చేసి అతికించండి. లేదా ఆ హోటల్ ఫోను నంబరు కొట్టండి, చాలాసార్లు నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. మెట్రో స్టేషన్లలో ఏ నంబరు ద్వారం నుంచి బయటికి రావాలో గమనించడం మరవకండి. తప్పు ద్వారంలోంచి బయటపడితే పెద్ద రోడ్డుకు అవతలి పక్కన తేలతారు. రైలు మారాల్సి వస్తే ఏ పెట్టె ఏ తలుపు దగ్గర నిలబడితే నడక తగ్గుతుందో కూడా నేవర్ చెబుతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ ఒక్క సమాచారానికే దండం పెట్టవచ్చు.

గూగుల్‌లో పెట్టుకున్న గుర్తులు నేవర్‌లోకి వాటంతట అవి రావు. ఒక సాయంత్రం కూర్చుని మళ్లీ పెట్టుకోవాల్సిందే. ఆ పని చేస్తూనే సెలవులు కూడా రాసుకోండి. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కు మంగళవారం, మరో ప్రాసాదం చాంగ్‌డొక్‌గుంగ్‌కు సోమవారం సెలవు. బుక్‌చోన్‌లో జనం కాపురముంటున్నారు. అక్కడి రెడ్ జోన్‌లోకి పర్యాటకులను ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే రానిస్తారు. అతిక్రమిస్తే లక్ష వన్‌ల (వన్ అంటే కొరియా కరెన్సీ) జరిమానా 2025 మార్చి నుంచి అమల్లో ఉంది. కాబట్టి మీరు అడిగిన ఆ నడకను ఉదయం 10 దాటాక పెట్టుకోండి.

ప్రశ్న: అక్కడ ఈ-సిమ్ వేసుకుంటే మన బ్యాంకు ఓటీపీలు ఎలా వస్తాయి? (గుంటూరు)

జవాబు: మన సిమ్ తీయకండి. బయల్దేరే ముందే దానికి అంతర్జాతీయ రోమింగ్ క్రియాశీలం చేయించుకోండి. విమానం దిగాక ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేసి, డేటాకు ఈ-సిమ్ ఎంచుకోండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా చార్జీ ఉండదు, వచ్చే కాల్‌కు మాత్రం ఉంటుంది. కార్డులకు విదేశీ లావాదేవీల మీట బ్యాంకు యాప్‌లో ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. ఈ మీట సంగతి విమానాశ్రయంలో గుర్తొస్తే కంగారే.

ప్రశ్న: మెట్రో గేటు దగ్గర మన వీసా కార్డు తాకిస్తే చాలా? (విశాఖపట్నం)

జవాబు: చాలదు. సీయూ, జీఎస్25 లాంటి దుకాణాల్లో, ముందే డబ్బు వేసుకుని మెట్రో, బస్సుల్లో వాడే టీమనీ కార్డు కొనండి. దాన్ని రీచార్జి చేయడానికి కొరియన్ నగదు దగ్గర ఉంచుకోండి. ఐఫోను వాలెట్‌లోకి టీమనీ 2025 జులైలో వచ్చింది, కానీ చేతిలో అసలు కార్డు ఉంటే నిశ్చింత. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి. అలా చేసి అరగంటలోపు మెట్రో ఎక్కితే మళ్లీ మొదటినుంచి చార్జీ పడదు.

సియోల్ మెట్రో, బస్సుల్లో ఎన్నిసార్లయినా తిరగనిచ్చే క్లైమేట్ కార్డులో పర్యాటకులకు అయిదు రోజుల పాస్ 15,000 వన్‌లు, కార్డు ఖరీదు మరో 3,000. మెట్రో కనీస చార్జీ 1,550 వన్‌లు. లెక్క వేస్తే మొత్తం 12 సార్లు ఎక్కితే గిట్టుబాటు. సిన్‌బున్‌డాంగ్ లైనులోనూ, ఇంచియాన్ విమానాశ్రయం ఏరెక్స్ ఎక్స్‌ప్రెస్ రైల్లోనూ ఈ పాస్ చెల్లదు.

ప్రశ్న: కె-ఈటీఏకు దరఖాస్తు చేసుకుంటే సరిపోతుందా? (వరంగల్)

జవాబు: కె-ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి వీసా అక్కర్లేని దేశాలవారి కోసం. భారత పాస్‌పోర్టుతో సియోల్ వెళ్లడానికి వీసా తప్పనిసరి. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఈ-అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేవాళ్లు ఇచ్చే వివరాల పత్రం) ఆన్‌లైన్‌లో నింపవచ్చు. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు, లాప్‌టాప్ తీసుకెళ్లవచ్చా? (నిజామాబాద్)

జవాబు: తీసుకెళ్లవచ్చు. 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్‌లు. వాటిని బ్యాటరీ వోల్టేజి 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్‌లు. విమానంలో పరిమితి 100. 2025 జనవరిలో బుసాన్ గిమ్‌హే విమానాశ్రయంలో ఒక విమానం తగలబడ్డాక కొరియా విమానాల్లో నిబంధనలు బిగించారు. పవర్‌బ్యాంకును తలపైన సామాన్ల అరలో పెట్టకూడదు, మీ దగ్గరే ఉండాలి. చెక్-ఇన్ సంచిలో అసలు పెట్టకూడదు. అక్కడ కరెంటు 220 వోల్టులు, దాదాపు మన దగ్గరలాగే. రెండు గుండ్రటి పిన్నుల ఫోను చార్జర్ పడుతుంది. లాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్గుకు మాత్రం అడాప్టర్ కావాలి.

ప్రశ్న: శాంసంగ్ పుట్టిల్లే కదా, ఫోను అక్కడే కొంటే మేలా? (నెల్లూరు)

జవాబు: కొరియా కోసం తయారైన ఫోన్లలో ఫొటో తీసినప్పుడల్లా క్లిక్ మోగుతుంది, సెట్టింగ్స్‌లో దాన్ని ఆపే వీలు సాధారణంగా ఉండదు. రహస్యంగా ఫొటోలు తీసేవాళ్లకు అడ్డుకట్టగా 2004లో అక్కడి టెలికాం ప్రమాణాల్లో చేర్చారు. ఉద్దేశం మంచిదే. కానీ నిద్రపోతున్న మనవరాలి ఫొటో తీయబోతే లేచి కూర్చుంటుంది. ఇక్కడే కొనుక్కోండి.