బ్యాకప్ సక్సెస్ అయినా ఎస్‌క్యూఎల్ లాగ్ ఎందుకు పెరుగుతుందంటే

వీమ్ (Veeam) అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ రోజూ సక్సెస్ అని వస్తున్నా, ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగ్ ఫైల్ (డేటాబేస్‌లో జరిగే మార్పులను రాసుకునే ఫైల్) పెరిగి డిస్క్ నిండిపోతోందన్నారు కదండీ. మీ డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్‌లో ఉన్నట్టుంది. అందులో లాగ్ బ్యాకప్ జరిగేదాకా పాత లాగ్ ఖాళీ కాదు. వీఎం (వర్చువల్ మెషీన్) ఇమేజ్ ఒక్కటే తీస్తే సరిపోదు. జాబ్‌లో గెస్ట్ ప్రాసెసింగ్ దగ్గర అప్లికేషన్ అవేర్ ఆన్ చేసి, ఎస్‌క్యూఎల్ ట్యాబ్‌లో లాగ్ బ్యాకప్ ఎంచుకోండి. డిఫాల్ట్‌గా 15 నిమిషాలకోసారి తీస్తుంది.

అంతకుముందు మీ డీబీఏను (డేటాబేస్ నిర్వహించేవాళ్లను) మాత్రం తప్పకుండా అడగండి. వాళ్లు వేరే జాబ్‌తో ఇప్పటికే లాగ్ బ్యాకప్ తీస్తుంటే ఇది పెట్టొద్దు. లాగ్ చెయిన్, అంటే వరుస లాగ్ బ్యాకప్‌ల గొలుసు, రెండు చోట్లకు చీలిపోయి, అవసరమైన రోజు రీస్టోర్ నరకమవుతుంది. నేను ఎక్కువగా భయపడేది దీనికే.

ఫైల్ సైజు దానంతటదే తగ్గదు. లాగ్ బ్యాకప్ అయ్యాక ఒక్కసారి ఆ లాగ్ ఫైల్‌ను ష్రింక్ (సైజు తగ్గించడం) చేయండి.