రికార్డింగ్ పరికరాలకు పెట్టే డబ్బు వినిపిస్తుందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని శ్రవ్య పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. అప్పుడప్పుడు పాటలు కూడా పాడతాను. నా దగ్గర మామూలు కండెన్సర్ మైకు (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన మైకు), దాన్ని కంప్యూటరుకు కలిపే రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేసు ఉన్నాయి. పెద్ద స్టూడియోల్లో వాడే న్యూమన్ యు 87 మైకు, దానికి తగిన విడి ప్రీయాంపు (మైకు ఇచ్చే సన్నని సిగ్నలును పెంచే పరికరం) కొంటే నా రికార్డింగుకు కూడా ఆ స్థాయి వస్తుందని మిత్రులు అంటున్నారు. ధర మాత్రం నా మైకుకు పది రెట్లు దాటుతోంది. అంత ఖర్చు పెట్టడం సబబేనా? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు మైకు గురించీ ఇంటర్‌ఫేసు గురించీ రాశారు కానీ గది ఎంత ఉందో, గోడలకు ఏమి కట్టారో, చదివేటప్పుడు మైకుకూ మీ నోటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో రాయలేదు. డబ్బు ఎక్కడ పెడితే వినిపించే తేడా వస్తుందో నిర్ణయించేవి ఈ మూడే కనుక ముందుగా వాటిని లెక్కలోకి తీసుకుంటాను.

మామూలుగా మాట్లాడే మనిషి గొంతు ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెళ్లు ఉంటుంది. దూరం సగానికి తగ్గినప్పుడల్లా నోటి నుంచి నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెళ్లు పెరుగుతుంది కాబట్టి 20 సెంటీమీటర్ల దగ్గర అదే గొంతు 74 డెసిబెళ్లకు చేరుతుంది. ఫ్యాను ఆపేసిన, రాత్రివేళ ప్రశాంతంగా ఉండే గదిలో నేపథ్య శబ్దం 30 డెసిబెళ్లు అనుకుందాం. మైకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గొంతుకూ గది శబ్దానికీ మధ్య 44 డెసిబెళ్ల ఎడం దొరుకుతుంది; మీటరు దూరంలో ఉంటే 30 మాత్రమే. శ్రవ్య పుస్తకాల వేదిక ఏసీఎక్స్, చదివిన గొంతు సగటు స్థాయి మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెళ్ల (డిజిటల్ రికార్డింగు పట్టగల గరిష్ఠ స్థాయిని సున్నాగా తీసుకున్న కొలత) మధ్య ఉండాలనీ, నేపథ్య శబ్దం మైనస్ 60ని దాటకూడదనీ నియమం పెట్టింది. అంటే దాదాపు 40 డెసిబెళ్ల ఎడం కావాలి. ఒకే గది, ఒకే మైకు; మైకు స్టాండును ఎక్కడ నిలబెట్టారన్న దాన్ని బట్టి మీ రికార్డింగు ఈ పరీక్షలో నెగ్గుతుంది, లేదా తప్పుతుంది.

ఇప్పుడు మైకు సంగతి చూద్దాం. ప్రతి కండెన్సర్ మైకులోనూ దాని సొంత ఎలక్ట్రానిక్స్ వల్ల కొంత బుస పుడుతుంది. యు 87 మైకుకు తయారీదారు ప్రకటించిన బుస స్థాయి 12 డెసిబెళ్లు. దానికన్నా ఎన్నో రెట్లు చౌకగా దొరికే రోడ్ ఎన్‌టీ1 మైకులో అది 5 డెసిబెళ్ల లోపే. కాగితం మీద చూస్తే చౌక మైకే గెలిచింది. అయితే 30 డెసిబెళ్ల గది శబ్దానికి 12 డెసిబెళ్ల బుసను కలిపితే మొత్తం 30.07 అవుతుంది, 5 డెసిబెళ్ల బుసను కలిపితే 30.01 అవుతుంది. ఈ తేడాను ఏ చెవీ పట్టుకోలేదు. ఇంటి గదిలో దగ్గరగా కూర్చుని చదివేవారికి మైకు బుస అసలు లెక్కలోకి వచ్చే విషయమే కాదని దీని అర్థం.

ప్రీయాంపు విషయంలోనూ ప్రకృతి ఒక గీత గీసి పెట్టింది. కొలతల్లో మైకుకు బదులుగా పెట్టే 150 ఓమ్‌ల నిరోధం గది ఉష్ణోగ్రత దగ్గర తనంతట తానే పుట్టించే ఉష్ణ శబ్దం సుమారు మైనస్ 131 డీబీయు (విద్యుత్ సిగ్నలు స్థాయిని డెసిబెళ్లలో చెప్పే కొలత; ఎంత కిందికి పోతే అంత నిశ్శబ్దం) ఉంటుంది. ఎంత ధర పెట్టినా ఏ ప్రీయాంపూ ఆ గీతను దాటి నిశ్శబ్దం కాలేదు. ఇవాళ అందుబాటు ధరల్లో ఉన్న మంచి ఇంటర్‌ఫేసులే మైనస్ 128 దాకా వస్తున్నాయి కనుక నిశ్శబ్దం కోసం విడి ప్రీయాంపు కొనేవారికి మిగిలి ఉన్నది మహా అయితే 3 డెసిబెళ్లు, కండెన్సర్ మైకు వాడినప్పుడు అది కూడా వినిపించదు. డైనమిక్ మైకు (అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే, బయటి కరెంటు అక్కరలేని మైకు) వాడేవారి పరిస్థితి వేరు. షూర్ ఎస్‌ఎం7బి లాంటి మైకు ఇచ్చే సిగ్నలు యు 87 ఇచ్చేదానికన్నా సుమారు 28 డెసిబెళ్లు తక్కువ. మెత్తని గొంతుతో చదివేవారు దాన్ని వాడితే 60 డెసిబెళ్ల దాకా గెయిన్ (సిగ్నలును పెంచే మోతాదు) పెంచాల్సి వస్తుంది, అప్పుడు నాసిరకం ప్రీయాంపు లోపం బయటపడుతుంది. అక్కడ మంచి ప్రీయాంపుకు పెట్టిన డబ్బు వృథా కాదు.

మరి యు 87లో ఏమీ లేదా అంటే, ఉంది, కచ్చితంగా ఉంది. 1967 నుంచి తయారవుతున్న ఆ మైకు క్యాప్సూలు (ధ్వనిని పట్టే భాగం) పై స్థాయి స్వరాలను సహజంగానే ఎత్తి చూపుతుంది. దాన్ని సరిదిద్దే ఏర్పాటు లోపలి సర్క్యూటులో ఉంటుంది. ఆ క్యాప్సూలు నమూనాను అనుకరించిన చౌక మైకుల్లో చాలావాటిలో ఈ సవరణ ఉండదు. అందువల్లనే అలాంటి మైకు ముందు చదివినప్పుడు స, శ, ష అక్షరాలు ఈలలా గుచ్చుకుంటాయి, తర్వాత ఎంత సరిచేసినా ఆ కరుకుదనం పూర్తిగా పోదు. పది గంటల పుస్తకం వినే శ్రోతకు ఇది చిన్న విషయం కాదు. మీ రికార్డింగులో ఈ ఇబ్బంది వినిపిస్తుంటే మైకు మార్చడం న్యాయమే. కానీ దానికి యు 87 దాకా వెళ్లనక్కరలేదు. మధ్య ధరల్లోనే, పై స్వరాలను అనవసరంగా ఎత్తని మైకులు దొరుకుతాయి. ఫ, భ అక్షరాలు పలికినప్పుడు గాలి వచ్చి కొట్టే ధాటి మాత్రం ఏ మైకుతోనూ పోదు. దానికి అడ్డుగా ఒక పాప్ ఫిల్టరు పెట్టుకుని, మైకును నోటికి కాస్త పక్కగా తిప్పాలి.

గది గురించి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. రెండు, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న ఫోము ముక్కలు గోడంతా అంటించినంత మాత్రాన గది స్టూడియో కాదు. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 3.4 మీటర్లు, 200 హెర్ట్జ్‌ది 1.7 మీటర్లు, మన గొంతులోని నిండుదనం ఉండేది ఆ ప్రాంతంలోనే. పలుచని ఫోము పై స్వరాలను మాత్రమే పీల్చుకుని కింది స్వరాలను అలాగే వదిలేస్తుంది కాబట్టి, గొంతు మూత పెట్టిన డబ్బాలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల మందంగా రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఉన్ని లాంటి పదార్థం) నింపిన పలకలు, గోడకు కొంచెం ఎడంగా, మీరు కూర్చునే చోటుకు ఎదుటా వెనుకా పక్కలా నిలబెడితే వచ్చే మార్పు ఏ మైకు మార్చినా రాదు. నా స్పష్టమైన సలహా ఇది: యు 87కు దాచిన మొత్తంలో కొద్ది భాగాన్ని ఈ పలకలకు వెచ్చించి, మిగిలినది దగ్గర ఉంచుకోండి.

ఆ తర్వాత కూడా కోరిక తీరకపోతే యు 87ను ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి. రెండు మైకులనూ పక్కపక్కనే పెట్టి ఒకే పేజీని చదవండి. రెండు రికార్డింగుల బిగ్గరతనాన్నీ 0.2 డెసిబెళ్ల తేడాలోపు సమం చేయండి, ఎందుకంటే ఒక్క డెసిబెల్ బిగ్గరగా ఉన్నదాన్నే మన చెవి మెరుగైనదిగా ఎంచుకుంటుంది. ఫైళ్ల పేర్లు వేరొకరి చేత మార్పించి, మరునాడు వినండి. ఏది ఏదో పోల్చుకోగలిగి, అది మీకు నచ్చితే, కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

చౌక పరికరాలతో గొప్ప పని జరగదని మాత్రం ఎవరైనా అంటే నమ్మకండి. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన ఆల్బమ్ ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద రికార్డయినదే. అయితే ఆ క్యాసెట్టులోని ధ్వనిని గ్రామఫోను రికార్డుకు ఎక్కించడానికి ఇంజనీర్లు చాలా శ్రమ పడాల్సి వచ్చింది. రికార్డింగులో మిగుల్చుకున్న డబ్బు కొన్నిసార్లు తర్వాతి దశలో శ్రమగా తిరిగి వస్తుందన్నది కూడా నిజమే.

ప్రశ్న: ఖరీదైన మైకు కేబుళ్లు వాడితే ధ్వని స్వచ్ఛంగా ఉంటుందా?

జవాబు: ఉండదు. బ్యాలెన్స్‌డ్ కేబుల్లో రెండు తీగల మీద ఎదురెదురు గుర్తులతో సిగ్నలు నడుస్తుంది కాబట్టి, దారిలో రెండింటి మీదా సమానంగా పడిన రొద అవతలి కొసలో రద్దయిపోతుంది. ఈ పని సాధారణ కేబుల్ కూడా చేస్తుంది. కనెక్టరు గట్టిదై, టంకం సరిగా ఉంటే చాలు.

ప్రశ్న: 192 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటుతో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) రికార్డు చేయగల ఇంటర్‌ఫేసు కొనాలా, 48తో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా సరిపెట్టుకోవచ్చు. మనిషి చెవి వినగల పై హద్దు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అది ఇంకా తగ్గుతుంది. శాంప్లింగ్ రేటులో సగం వరకు ఉన్న ధ్వనులన్నీ పూర్తిగా నమోదవుతాయన్నది గణితం తేల్చిన విషయం కనుక 44.1 కిలోహెర్ట్జ్ అయినా చాలు. వీడియో, సినిమా పనుల్లో 48 ప్రమాణం కాబట్టి అది పెట్టుకోవడం సౌకర్యం. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఉన్నత స్థాయి రికార్డింగులు వినిపిస్తూ మధ్యలో ఆ సిగ్నలును సీడీ ప్రమాణమైన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చే పరికరాన్ని చేర్చి, తీసేసి చూశారు. మామూలు బిగ్గరతనంతో విన్నప్పుడు శ్రోతలు ఆ మార్పును పోల్చుకోలేకపోయారు.

బిట్ల (ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా నమోదు చేస్తారన్నది) సంగతి వేరు, రికార్డు చేసేటప్పుడు 24 బిట్లు తప్పక వాడండి. 16 బిట్లు ఇచ్చే 96 డెసిబెళ్ల పరిధి వినడానికి సరిపోతుంది కానీ, 24 బిట్లతో అయితే గొంతు ఒక్కసారిగా పెరిగినా పగిలిపోకుండా స్థాయిని ధైర్యంగా కింద ఉంచుకోవచ్చు. ఈ సౌకర్యం చౌక ఇంటర్‌ఫేసుల్లోనూ చాలావాటిలో ఉంది. 192 కిలోహెర్ట్జ్‌కు మారితే ఒక గంట స్టీరియో రికార్డింగు సుమారు 1 గిగాబైటు నుంచి 4 గిగాబైట్లకు పెరుగుతుంది, వినేవారికి దక్కేది ఏమీ ఉండదు. గబ్బిలాల కూతలను నమోదు చేసి వేగం తగ్గించి వినేవారికీ, చిత్రాల కోసం శబ్దాలను బాగా సాగదీసేవారికీ మాత్రం, ఆ ఎత్తు ధ్వనులను పట్టే మైకు కూడా ఉన్నప్పుడు, ఎక్కువ రేటు అక్కరకు వస్తుంది.

ప్రశ్న: మా బృందగానాన్ని ఒక హాలులో రెండు మైకులతో రికార్డు చేయాలనుకుంటున్నాం. ఇందుకైనా ఖరీదైన మైకులు అవసరమా, పాతవి కొనవచ్చా?

జవాబు: ఈ పనిలో మంచి మైకుకు పెట్టిన డబ్బు నిజంగా వినిపిస్తుంది. ఒక్క గొంతును దగ్గరగా రికార్డు చేసేటప్పుడు ధ్వని మైకు ఎదుటి నుంచే వస్తుంది. బృందగానంలో అలా కాదు. ఇరు కొసల్లో నిలబడ్డవారి గొంతులూ, హాలు గోడల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనీ పక్కల నుంచి, వెనుక నుంచి చేరతాయి. చౌక మైకుల్లో చాలావాటికి ఎదుటి ధ్వని బాగానే ఉన్నా పక్కల నుంచి వచ్చేదాని రంగు మారిపోతుంది; అంచున పాడేవారు మసకగా, ముక్కుతో పాడినట్టు వినిపిస్తారు. చిన్న డయాఫ్రం (ధ్వనికి కంపించే పలుచని పొర) ఉన్న మేలైన మైకులకు పెట్టే ధరలో పెద్ద భాగం ఈ లోపాన్ని తగ్గించడానికే వెళుతుంది. పైగా రెండు మైకులూ ఒకే తీరున స్పందించకపోతే స్టీరియోలో గొంతులు తమ చోటు నుంచి జరిగినట్టు అనిపిస్తాయి కాబట్టి, కర్మాగారంలోనే జత చూసి ఇచ్చినవి తీసుకోండి. 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో అమర్చే ఫ్రెంచి రేడియో వారి ఓఆర్‌టీఎఫ్ పద్ధతితో మొదలుపెట్టి, ఎత్తయిన స్టాండు మీద ఉంచి ముందుకూ వెనక్కూ జరుపుతూ వినండి. బుస స్థాయిని కూడా ఇక్కడ చూడాలి: నాలుగైదు మీటర్ల దూరంలో మెల్లగా పాడిన స్వరం, నిశ్శబ్దమైన హాలులో, మైకు బుసకు సమీపంగా వస్తుంది.

పాతవి కొనడం తెలివైన పనే. మంచి మైకును దశాబ్దాల తర్వాత కూడా బాగుచేయించుకోవచ్చు, మళ్లీ అమ్మితే గణనీయమైన మొత్తం తిరిగి వస్తుంది. ఇంటర్‌ఫేసుకు ఆ ఆయుష్షు లేదు. పరికరం చక్కగా ఉన్నా, కొత్త కంప్యూటరుకు దాని డ్రైవరు దొరకకపోతే పక్కన పడేయాల్సిందే. పాత కండెన్సర్ మైకును కొనే ముందు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ ద్వారానే అందే కరెంటు) ఇచ్చి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో హెడ్‌ఫోన్లతో కనీసం అరగంట వినండి. తేమ, దుమ్ము పట్టిన క్యాప్సూలు అయితే మధ్యమధ్య చిటపటలు వినిపిస్తాయి. రెండు మైకులకూ ఒకే గెయిన్ పెట్టి ఒకే చోట నిలబడి చప్పట్లు కొట్టి స్థాయిలను పోల్చండి. చిటపటలు ఉన్నా, రెండింటి మధ్య ఒకటి రెండు డెసిబెళ్లకు మించి తేడా వచ్చినా, క్యాప్సూలు మార్పించే ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి, వారు ఒప్పుకోకపోతే ఆ జతను వదిలేయండి.