వయసు మళ్లినవారిని ఏమనాలి?

‘ముసలాయన’ అనడం తప్పా అని అడిగారు. మాటలో తప్పు లేదు, కానీ ఎదురుగా అంటే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ‘పెద్దాయన’, ‘పెద్దావిడ’ అంటే ఆ ఇబ్బంది ఉండదు. బస్సులో ముక్కూమొహం తెలియని మనిషికి సీటు ఇచ్చేటప్పుడు కూడా ‘పెద్దాయనా, ఇలా కూర్చోండి’ అంటాం కదా. ‘వృద్ధులు’ ఎక్కువగా వార్తల్లో, పింఛను కాగితాల్లో కనిపించే మాట. చట్టం మాత్రం వయసునే చూస్తుంది: తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ప్రకారం 60 ఏళ్లు నిండితే సీనియర్ సిటిజన్. ఆదాయపు పన్ను లెక్కల్లో 80 నిండితే సూపర్ సీనియర్. ‘పండు ముసలి’ అన్నప్పుడు కాస్త జాలి, ఆప్యాయత వినిపిస్తాయి. ‘ముసలోడు’, ‘ముసల్ది’, ‘కాటికి కాళ్లు చాపుకున్నాడు’ లాంటివి మనిషిని తీసిపారేసే మాటలు, చాటుగా కూడా వద్దు.